చెవి వెనక మిగిలిన రంగు

బేతంచెర్ల,
నవంబరు 5, బుధవారం.

నా బిడ్డ లూదియకు,

నీ నాయన జకరయ్య దీవించి రాసే ఉత్తరం. ప్రభువు దయ వల్ల నేను, నీ కూతురు కెజియా, అల్లుడు, ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాము. కువైట్‌లో నువ్వూ అట్లాగే ఉన్నావని తలుస్తున్నాను. ఒంట్లో బాగుండడం వేరు, మిగతాది వేరు. ఆ మిగతాది రాయడానికే ఇంత కాగితం తీసుకున్నాను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. శుక్రవారం మీ యజమానురాలు నీకిచ్చే పది నిమిషాలు కెజియా మాటలకే చాలవు. పైగా ఫోన్ పట్టుకుంటే నాకు అరవడమే తప్ప మాట్లాడడం రాదని నువ్వే అంటావు. ఖాసిం సాహెబ్ మనవరాలు ఫిరోజా సెలవు ముగించుకుని రేపు కువైట్‌కు బయలుదేరుతోంది. నీకు ఆమె చేత్తోనే పంపుతున్నాను. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ మీ అమ్మ బండ మీద సుద్దతో రాసి నేర్పినవి. వంకరగా ఉంటే సర్దుకుని చదువు. దీన్ని మూడు దినాలుగా రాస్తున్నాను.

నువ్వడిగిన వాటికి వరసగా చెప్తాను. నా మోకాలు అట్లాగే ఉంది. నువ్వు పంపిన తైలం రాస్తే కాసేపు మంట పుడుతుంది, ఆ మంటకు నొప్పి మరిచిపోతాను, అంతే దాని పని. వానకు వెనక గది కారింది, అల్లుడు లారీ దిగి వచ్చినప్పుడు సిమెంటు పూశాడు. ఇప్పుడు కారడం లేదు. కెజియా తెలుగు చదువుతోంది కానీ ఒత్తులు మింగేస్తుంది. నల్ల గౌను, మొన టోపీ అందాయి. కుట్టు చాలా బాగుంది. అంచు మీద వెండి చుక్కలు ఒక్కొక్కటే చేత్తో కుట్టావని చూడగానే తెలిసింది.

మీ అమ్మ సమాధి రాయి సంగతి కూడా అడిగావు. రాయి నునుపు పట్టి ఏడాదయింది. మన బేతంచెర్ల బండే, ఎక్కడా మచ్చ లేదు, నేనే ఏరుకున్నాను. అక్షరాలే చెక్కించలేదు. క్రిస్మస్ లోపల దాని మీద పేరు కింద 'క్షమించబడినది' అని వేయించమని నువ్వు రాశావు. ఎందుకు వేయించలేదో చివర చెప్తాను. ముందు ఆ హాలోవీన్ సంగతి కానీ.

బడిలో అక్టోబరు ముప్పై ఒకటిన ఆ పండుగ చేస్తారని, పిల్లలు దయ్యాల్లాగా, మంత్రగత్తెల్లాగా తయారై రావాలని, క్రైస్తవుల పిల్లలు వేయొచ్చా కూడదా నువ్వే చెప్పు నాయనా, నువ్వు సంఘపెద్దవు కదా అని రాశావు. నన్ను అడిగావని నాకు గర్వం వచ్చింది. ఆ గర్వం మోసుకుని పోయి, ఆ పండుగకు ముందు ఆదివారం ఆరాధన మధ్యలో లేచి నిలబడ్డాను. దయ్యం వేషం వేసిన పిల్లల తల్లిదండ్రులకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు అని అందరి ముందూ చెప్పాను. మన పాస్టరు రాజశేఖర్ చిన్నవాడు. పెద్దాయనా, ఇండ్లకు పోయి నిదానంగా మాట్లాడదాం అని మెల్లగా అన్నాడు. నీకంటే ముందు నుంచి ఉన్నాను ఈ సంఘంలో అని ఆయన నోరు మూయించాను. నాలుగిండ్ల వాళ్ళు పిల్లలను మానిపించారు. అద్దెకు తెచ్చిన బట్టలు తిరిగి ఇచ్చేశారు.

కెజియా మాత్రం వాదం పెట్టుకుంది. "దయ్యాలు లేనేలేవని నువ్వే చెప్తాంటావు కదా తాతా. లేనిదాని వేషం ఏస్తే నీకేమి?" అంది. నేను కేక వేశాను. గౌను తీసుకుపోయి మీ అమ్మ పెట్టెలో, ఆమె చీరల కింద పెట్టి తాళం వేశాను.

శుక్రవారం పిల్లను బడికి పంపలేదు. గోడ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చుంది. అప్పుడే ఖాసిం సాహెబ్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. గనిలో నేనూ ఆయనా ముప్పై ఏండ్లు ఒకే బండకు చెరో వైపు సమ్మెట వేసిన వాళ్ళం. ఇంటి ముందర అరుగు మీద కూర్చుని బిడ్డ ఎందుకు ఏడుస్తోందని అడిగాడు. నేను చెప్పాను. ఆయన పకపకా నవ్వి కెజియాను దగ్గరికి పిలిచాడు.

"ఏమప్పా, మునిమాపు దాకా పీర్ల ముందర ఎగిరిన పులివి, నువ్వా ఈ బిడ్డను వద్దనేది? మీ తాత పులి ఏస్తే ఊరంతా ఎనక పడినారు బుజ్జీ. ఆయప్ప తోక ఇప్పటికీ మా అటక మీదనే ఉండాది."

ఆయన తప్పేమీ లేదు. మా ఇంట్లో అందరికీ తెలుసనుకున్నాడు. ముప్పై నాలుగేండ్లయింది కదా, ఇంకా దాస్తున్నానని ఎవరనుకుంటారు.

కెజియా కండ్లు తుడుచుకుని నా వైపు చూసింది. పులి వేసినావంట కదా తాతా అంది. నేను అబద్ధం అన్నాను. ఈ ముసలాయనకు మతి చలించింది, నోటికి వచ్చింది వాగుతున్నాడు అని ఆయన ముందరే అన్నాను. ఖాసిం సాహెబ్ నవ్వు ఆపేశాడు. కర్ర తీసుకుని లేచి, మెట్టు దిగి, "సరేలే జకరయ్యా, మతి చలించిన వాణ్ణి, నేనే పొరబడింటా" అని పోయాడు. అన్నేండ్లలో ఆయన నన్ను అప్పా అనకుండా పేరు పెట్టి పిలిచింది అదొక్కసారే.

ఆయన సందు మలుపు తిరిగేదాకా పిల్ల చూసి, నన్ను ఇంకొక మాట అడిగింది. "అయితే తాతా, అవ్వ గుడిలో ఎప్పుడూ చెప్పుల కాడ ఎందుకు కూచుంటాండె?"

ఆ రెండింటికీ సంబంధం ఉందని దానికి తెలియదు. ఏదో గుర్తొచ్చి అడిగింది. లూదియా, ఆ ప్రశ్నకు జవాబు దానికంటే ముందు నీకు చెప్పాలి.

నీకు మూడో ఏట జ్వరం వచ్చింది. కర్నూలు ఆసుపత్రిలో తొమ్మిది దినాలు ఉన్నాము. డాక్టర్లు చేయగలిగింది చేశారు, జ్వరం దిగలేదు. మీ అమ్మను నీ దగ్గర పెట్టి నేను ఒక దినం పనికి వచ్చాను. మధ్యాహ్నం ఖాసిం సాహెబ్ తల్లి ఫాతిమా బీ గనికి కూడు తెచ్చింది. అప్పట్లో వాళ్ళు గనికి అవతలి ఊర్లో ఉండేవాళ్ళు. పీర్ల పండుగ దగ్గరికి వచ్చింది నాయనా, బిడ్డ లేస్తే పులి వేషం వేస్తానని మొక్కుకో అంది. అట్లాంటివి మాకు కూడదమ్మా, నేను సంఘపెద్దను అన్నాను. పెద్దను చేసి అప్పటికి ఆరు నెలలు. ఆమె పోయాక సమ్మెట కింద పెట్టి, వాళ్ళ ఊరి వైపు తిరిగి నేనే మొక్కుకున్నాను. ప్రభువుకూ మొక్కుకున్నాను. ఎవరు విన్నారో నాకు తెలియదు. మూడో దినం నువ్వు లేచి గంజి అడిగావు.

మీ అమ్మకు చెప్తే వద్దంది. ప్రభువే ఇచ్చాడు, ఆయనకే చెప్పుకుందాం అంది. మాట ఇచ్చాను, జకరయ్య మాట తప్పడు అన్నాను. పండుగ దినం నిన్ను ఎత్తుకుని ఖాసిం సాహెబ్ ఊరికి పోయింది నేను. ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు పూయించుకుని, తోక కట్టుకుని, చావిడి ముందర తప్పెట్లకు ఆడింది నేను. పీర్లను చూసుకునే ముజావర్ చేత నీ చేతికి ఎర్ర దారం కట్టించింది నేను. నలభై దినాలు తీయకూడదన్నాడని, మీ అమ్మ కత్తెర తెస్తే తెంపనీయంది కూడా నేనే. మీ అమ్మ ఆ ఊరి పొలిమేర కూడా తొక్కలేదు. ఈ మాట మళ్ళీ చదువు. మీ అమ్మ ఆ ఊరి పొలిమేర కూడా తొక్కలేదు.

ఆ శనివారం మీ అమ్మ కిరసనాయిలు గుడ్డతో నా ఒంటి రంగు తోమి తోమి తీసింది. చెవి వెనక కొంచెం పసుపు మిగిలిపోయింది, చర్మం లేచిపోతుందని వదిలేసింది. ఆదివారం మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఆరాధనకు పోయాను. జలుబు అని చెప్పాను. నీకు పొడుగు చేతుల గౌను తొడిగించింది. నువ్వు ఉక్కకు చెయ్యి పైకి లాక్కున్నావు. అప్పటి పాస్టరు, పాత అయ్యగారు దారం చూశారు. నేను రొట్టె పళ్ళెం పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఈ బిడ్డకు ఈ దారం కట్టించింది ఎవరు అని అడిగారు.

నా తువ్వాలు కొంచెం జారింది. మీ అమ్మ నా ముఖం చూడలేదు, నా చెవి చూసింది. అందరి కండ్లూ అటు తిరక్కముందే లేచి నిలబడింది.

"నేనే అయ్యగారూ. బిడ్డకు శానా బాగలేకపోతే మనసు ఆగలేదు."

అయ్యగారు నా వైపు తిరిగి నీకు తెలిసే జరిగిందా జకరయ్యా అని అడిగారు.

"తెలియదు అయ్యగారూ" అన్నాను.

ఆమెను ఏడాది పాటు ప్రభువు బల్లకు రాకుండా నిలిపేశారు. వెనక వాకిలి దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోమన్నారు. నెలకొకసారి ఆ పళ్ళెం పట్టుకుని ఆమె పక్క నుంచి నేనే నడిచాను. ఆమెకు ముందు వాళ్ళకు ఇచ్చాను, తర్వాత వాళ్ళకు ఇచ్చాను. ఏడాది తర్వాత బల్లకు రానిచ్చారు కానీ ఆమె చోటు మార్చలేదు. పోయేదాకా చెప్పుల దగ్గరే కూర్చుంది. ఒకసారి ముందుకు రమ్మంటే, ఈడ గాలి బాగా తగులుతాది అంది. ఇంట్లో నన్ను ఒక్కమాట అనలేదు. అనింటే నేను కోప్పడేవాణ్ణి, కోప్పడితే నాకు తేలిక అయ్యేది.

నీకు పద్నాలుగేండ్లప్పుడు ఆదివారం బడిలో ఎవరో నిన్ను పీర్ల బిడ్డ అన్నారు. ఇంటికి వచ్చి, నీ వల్లనే నాకీ మాట అని మీ అమ్మను తిట్టావు. నెల దినాలు ఆమెతో మాట్లాడలేదు, ఆమె వడ్డిస్తే తినలేదు. నేను అక్కడే కూర్చుని చెప్పు తెగితే కుట్టుకుంటున్నాను. తల కూడా ఎత్తలేదు. బైబిల్లో పేతురు ప్రభువు ఎవరో నాకు తెలియదన్న చోటు వచ్చినప్పుడల్లా నేను ఆ పేజీ తిప్పేసి చదువుతాను. అంత మెల్లగా చదివేవాడు ఒక పేజీ దాటేస్తే ఎవరికి తెలుస్తుంది. మీ అమ్మకు తెలుసు.

మొన్న ఆదివారం సమాధుల పండుగ. పొద్దున బల్ల అందించే వేళకు నేను పళ్ళెం తీసుకోలేదు. లేచి పోయి వెనక, చెప్పుల దగ్గర కూర్చున్నాను. కెజియా వచ్చి నా పక్కన కూర్చుంది. అందరూ మోకాలి నొప్పి అనుకున్నారు. పాస్టరు వచ్చి ఏమైంది పెద్దాయనా అని అడిగితే, వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్తాను, ముందు నా బిడ్డకు చెప్పుకోవాలి అన్నాను. అక్కడ గాలి ఏమీ తగలదు లూదియా. ఎండ తగులుతుంది, చెప్పుల వాసన తగులుతుంది.

సాయంత్రం మీ అమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించి ఇంటికి వచ్చాక పెట్టె తాళం తీశాను. గౌను, టోపీ కెజియాకు ఇచ్చాను. అది తొడుక్కుని వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని, మన సంఘం వాళ్ళు కూర్చుని ఉన్న వీధిలో నుంచే నడిపించుకుని ఖాసిం సాహెబ్ ఇంటికి పోయాను. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేవాణ్ణి. ఆ నాలుగిండ్లకు కూడా పోయి నేను అన్నది తప్పని చెప్పాలి. ఇంకా పోలేదు.

ఖాసిం సాహెబ్ నన్ను చూసి మంచం మీద నుంచి లేవలేదు. తప్పయిపోయింది, నీకు మతి సరిగ్గానే ఉంది అన్నాను. "నాకు ఉండాదిలేప్పా, నీకే ఈ మధ్యన వచ్చినట్టుండాది" అని కోడలిని పిలిచి అటక మీద నుంచి తోక తీయించాడు. ఎలుకలు సగం కొరికేశాయి. కెజియా దాన్ని నడుముకు కట్టుకుని, టోపీ పెట్టుకుని, ఆ ముంగిట్లో ఎగిరింది. మీ అమ్మ ఆ రంగు తోమడానికి ఎంత కిరసనాయిలు పోసిందో ఆ పిల్లకు నేను అక్కడే చెప్పాను. చెప్పుల దగ్గర ఎందుకు కూర్చుందో నీ జవాబు వచ్చాక చెప్తాను.

నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. ఆ పండుగ నాకు ఇప్పటికీ నచ్చదు. చచ్చినవాళ్ళతో ఆట ఏమిటి అనిపిస్తుంది. వచ్చే ఏడు పోవాలో వద్దో తల్లివి నువ్వే చెప్పు. నీ కూతురు వేషం వేస్తే నలుగురికీ చూపించి వేస్తుంది. నేను వేసినది దాచుకున్నాను, దాచుకోవడానికి మీ అమ్మను నిలబెట్టాను. తప్పు ఎక్కడుందో చూసుకోక, నలుగురు పసిపిల్లల బట్టల్లో వెతికాను.

ఇక రాయి. మీ అమ్మ రాతి మీద దీనమ్మ అని పేరు, పోయిన తేదీ వేయిస్తున్నాను. నువ్వు చెప్పిన మాట వేయించను. క్షమించడానికి ఆమె చేసింది ఏమీ లేదు. అదే బండలోంచి కోసిన ఇంకొక పలక నా దగ్గర ఉంది. దాన్నీ నునుపు పట్టి వెనక గోడకు ఆనించాను. దాని మీద నా పేరు వస్తుంది. కింద కొంచెం చోటు వదిలిపెట్టాను. ఆ మాట అక్కడ వేయించాలో, ఖాళీగా వదిలేయాలో నువ్వే రాసి పంపు. ఏది రాసినా అట్లాగే చెక్కిస్తాను.

ఇట్లు,
మీ అమ్మ లేచినప్పుడు లేవని
నీ నాయన,
జకరయ్య