వినకుండా పెట్టిన సంతకం

మార్చి 14, గురువారం. పొద్దున్నుంచి ముసురు. నువ్వు చెప్పి వెళ్లిన వీధి తలుపు బందులకు నూనె వేశాను.

అన్నయ్యా,

తలుపు సంగతి చెప్పడానికి రాయడం లేదు. ఆసుపత్రిలో నా పని నీకు తెలుసు. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేయాలి, ప్రతి కాగితం కింద ‘విని సరిచూశాను’ అని సంతకం పెట్టాలి. నీకు తెలియనిది ఒకటుంది. నాకు చెవిపోటు వచ్చిన వారం నుంచి సగం పని ఇంట్లో వదినే చేస్తోంది. సొంతంగా నేర్చుకున్న నా టైపు ఏపాటిది? ఆమె చేతిలో తప్పు దొర్లదు. నేను వినడం మానేశాను, సంతకం మానలేదు. రికార్డుల్లో రోగుల పేర్లుండవు, నంబర్లే కదా అనుకున్నాను.

నిన్న అన్నం పెడుతూ వదిన అడిగింది.

“మీ అన్న పరీక్షకి ఎప్పుడెళ్తాడట?”

“ఏ పరీక్ష?”

గరిటె కింద పెట్టేసింది. “వడ్రంగి, ఎడమ చూపుడువేలి కొస లేదు, ఊపిరితిత్తిలో గడ్డ. పది రోజుల్లో ముక్క తీసి పరీక్ష చెయ్యాలి, ఇంట్లో చెప్పొద్దన్నాడు. నేనే టైపు చేశా. నువ్వు సంతకం పెట్టలేదూ?”

“పెట్టాను. వినలేదు వదినా.”

“వినలేదా! అన్న దాచినా తమ్ముడైనా నోరు విప్పుతాడని పన్నెండు రోజులు చూశానే! ఆయన నాకు చెప్పడు, నువ్వు మీ ఆఫీసుకి చెప్పవు. బాగున్నారయ్యా అన్నదమ్ములు!”

అంటే నిన్నటికే గడువు దాటి రెండు రోజులు. నువ్వు పనికని ఊరెళ్లిన రోజు నీ పెట్టె మోసింది నేనే.

ఇవాళ ఆ రికార్డు విన్నాను. నీ దగ్గు గురించి చెబుతూ డాక్టరు తనే మధ్యలో దగ్గాడు. మేనేజరు గది దాకా రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. ఏమని చెప్పను? తప్పు చేశానందామా, ఆ తప్పు వల్లే నీ సంగతి తెలిసింది. మంచే జరిగిందందామా, మరి మిగతా రోగులు? వాళ్లు డాక్టరుతో చెప్పుకున్నవన్నీ మన వంటింట్లోకి వచ్చాయి. నేను వినుంటే నీకోసం నోరు మూసుకునేవాణ్ణేమో. అది ఇంకా పెద్ద తప్పయ్యేదేమో. ఎటు తిప్పినా లెక్క కుదరడం లేదు.

రేపు పదింటికి పరీక్షకి నీ పేరు రాయించాను. వదిన సంచి సర్దుకుంది. “ఉత్తరం పోస్టులో వెయ్యకు, ఇటివ్వు. నేనే వెళ్లి రెక్క పట్టుకుని తీసుకొస్తా” అంటోంది. ఆమెను ఏమీ అనకు. అనేదేదో నన్నను. ఒక్క నిమిషం ఆగమన్నాను, పొయ్యి మీద పాలు పొంగుతున్నా—