చిన్నపిల్లల్ని లెక్కలోకి తీసుకోరట

సుజీ,

నువ్వు పోయి ఈరోజుకి ఆరేళ్లు. నాన్నకి షుగరు పరీక్ష చేయించడానికి రాజమండ్రిలో, నిన్ను చేర్చిన అదే ఆసుపత్రికి వెళ్లాం. నర్సింగులో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి వరండాలో కూర్చుని, రోగులు తమ జబ్బును తామే ఎలా చూసుకుంటున్నారో అడిగి రాసుకుంటోంది.

"మా చెల్లి పన్నెండేళ్లకే ఇన్సులిన్ సూది తనే వేసుకునేదండి," అన్నాను.

"చిన్నపిల్లల్ని ఇందులో లెక్కలోకి తీసుకోమండి," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. జ్వరంతో అక్కడే చేరినప్పుడు, సూది టైము దాటిపోతోందని నువ్వు మూడుసార్లు చెప్పావు. "నీకేం తెలుసు, నోర్మూసుకుని పడుకో," అన్నారు నర్సులు. సాయంత్రానికి స్పృహ తప్పావు. మరి లేవలేదు.

"అప్పుడూ దాని మాట లెక్కలోకి తీసుకోలేదండి! అందుకే చచ్చిపోయింది!" అని అరిచాను. నాన్న చెయ్యి పట్టుకుని లాగినా కూర్చోలేదు.

ఆ అమ్మాయి కొత్త కాగితం తీసి, "పేరు చెప్పండి," అంది.

నీ పేరూ, వయసూ వరండా అంతా వినేలా చెప్పాను.