కాయితంలో వయసు

బిర్సానగర్,
12-8-2004

తవిటయ్య అన్నయ్యకి,

మన ఊరి బడి నుంచి నా పుట్టినతేదీ కాయితం తీయించి పంపమని మొన్న రాసేను కదా, అది పంపొద్దు.

కంపెనీ డిస్పెన్సరీ కార్డు మీద పెద్ద ఆపరేషన్లు అవవని నాలుగేళ్ల కిందట ఆసుపత్రి ఖర్చులకి ప్రైవేటు పాలసీ ఒకటి తీసుకున్నాను. ఇప్పుడు గుండెకి ఆపరేషనన్నారు. ఈ నెల్లోనే పాలసీకి మళ్లీ కట్టాలి. అరవై అయిదు దాటినోళ్లకి కిస్తీ రెండింతలంట. మానేత్తే, ఈ గుండెతో నాకు కొత్త పాలసీ ఎవడిత్తాడు?

నాకు నిజానికి అరవై రెండే కదా, బడి కాయితం సూపిత్తే తగ్గుతాదని ఆశపడ్డాను. నన్ను పనిలో పెట్టిన రోజు కంపెనీ గేటు కాడ, పద్నాలుగేళ్ల నన్ను పద్దెనిమిదని రాయించేవు. నిన్ననడం లేదు, అప్పుడు ఇంట్లో గంజి కూడా లేదు.

ఈ సంగతి ఇని మా అబ్బాయి మురళి, "పాపా, మేరీ నౌకరీ?" అన్నాడు. కంపెనీలో ఆడి ఉద్యోగం నా సర్వీసు సూపించి వచ్చిందే. నా వయసు దొంగదని తేలితే ఆడిదీ పోతాది. ఇంకేటి సేత్తాను?

కాయితం ఇప్పటికే తీయించి ఉంటే పొయ్యిలో పెట్టు. ఎవరడిగినా నాకు అరవై ఆరని సెప్పు. నేను ముందు పోతే, పెద్దకర్మ కార్డు మీదా అదే ఏయించు.

నీ తమ్ముడు