నూరుల్ వాళ్ళింటి నేల

హైడెల్‌బర్గ్,
12 అక్టోబర్ 2025, ఆదివారం

నన్ను కడుపుల పుట్టిన బిడ్డ లెక్క చూసుకునే అత్తమ్మకు,

చంద్రిక దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ మంచిగున్న. నీ మోకాలి నొప్పి ఎట్లున్నది? అంగన్‌వాడీల రిటైరైనంక కూడ పొద్దుగాల్నే తయారై కూర్చుంటున్నవని పక్కింటి ఉదయశ్రీ అక్క ఫోన్ల చెప్పి నవ్వింది. జగిత్యాల్ల వానలు తగ్గినయనుకుంట. ఇక్కడ చలి మొదలైంది. నా అనెర్కెన్నుంగ్ కాగితం వచ్చింది, అంటే ఈ జర్మనీల నేనిప్పుడు పూర్తి నర్సును. ఇన్ని రోజులు మన నర్సింగు చదువును వీళ్ళు సగమే లెక్కల పెట్టిన్రు.

రోజూ ఫోన్ల మాట్లాడుకుంటం గదా, ఇప్పుడు ఉత్తరమెందుకని అనుకుంటవ్. ఫోన్ల నువ్వు తిన్నవా అంటవ్, నేను తిన్న అంట, అంతల్నే నా ట్రామ్ వస్తది. ఇది నిమ్మళంగ కూర్చొని చెప్పాల్సిన ముచ్చట. ఆగస్టుల నూరుల్ వాళ్ళ ఊరికి పోయొచ్చిన గదా, ఆ ముచ్చట.

నూరుల్ నీకు వీడియోల కనిపించింది, తలకు గుడ్డ కట్టుకొని నీకు నమస్తే చెప్పింది చూడు, ఆ పిల్ల. ఇండోనేషియా పిల్ల. మా వార్డులనే నర్సింగ్ ఆస్‌బిల్డుంగ్, అంటే పని చేసుకుంట నేర్చుకునే చదువు, చేస్తున్నది. ఇద్దరం ఒకటే ఇంట్ల ఉంటం. ఇద్దరికీ బువ్వ లేనిది గడవదు. వాళ్ళమ్మ పంపే రొయ్యల ముద్ద వేయించిందంటే అచ్చం మన ఎండు రొయ్యల వాసనే. కింది ఇంటి ముసలామె ఒకసారి పైకొచ్చి, ఏదన్న కాలిపోతున్నదా అని అడిగింది. మేము నోరు మూసుకొని నవ్వుకున్నం.

వాళ్ళ ఊరి పేరు సెగరవంగి. జావా దీవికి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంటది. ఊరంటే మన ఊర్ల లెక్క అనుకోకు. బస్సు దిగినంక పడవ ఎక్కాలె. వాళ్ళ తాతల కాలంల అక్కడ వరి పండేదట. తరువాత పొలాలు తవ్వి చేపల చెరువులు చేసిన్రు, ఒడ్డున ఉప్పునీళ్ళల్ల పెరిగే మడ చెట్లు కొట్టేసిన్రు. ఇప్పుడు చెరువులు లేవు, గట్లు లేవు. భూమి కుంగుతున్నది, సముద్రం పైకొస్తున్నది. పోటు వచ్చినప్పుడల్లా ఇండ్లల్లకు నీళ్ళొస్తయి. దాన్ని వాళ్ళు రోబ్ అంటరు. మనం వాన అన్నంత మామూలుగ అంటరు.

నీళ్ళు రాకుండ ఏం చేస్తరంటే, మట్టి తెచ్చి ఇంటి లోపల నేల ఎత్తు పెంచుతరు. కొన్నేండ్లకు నీళ్ళు మల్ల అందుకుంటయి, మల్ల పోస్తరు. పైకప్పు ఉన్నకాడనే ఉంటది గదా అత్తమ్మా. నూరుల్ వాళ్ళింట్లకు నేను నడుము వంచి పోయిన. కిటికీలు మోకాళ్ళ కాడ ఉన్నయి. ఫ్యాన్ ఊడపీకి పక్కకు పెట్టిన్రు, లేకుంటే తలకు తగుల్తది. నూరుల్ ఆ గుమ్మం కాడ అలవాటుగ వంగింది, నాకు మాత్రం నుదురు వాచింది.

ఆ ఇంట్ల ఇద్దరే ఉండేది. నూరుల్ వాళ్ళమ్మ వార్సినీ, వదిన లస్త్రీ. నూరుల్ అన్న ముఖ్లిస్ వేటకు పోయినప్పుడు గాలికి పడవ తిరగబడి చనిపోయిండు. పెండ్లయి ఎన్నో రోజులు కాలేదట, పిల్లలు లేరు. ఆయనను ఊరి శ్మశానంలనే పెట్టిన్రు. ఇప్పుడు అది కూడ నీళ్ళల్లనే. పోటు తగ్గినప్పుడు సమాధి రాళ్ళు తలలు పైకెత్తినట్టు కనపడతయి. గురువారం సాయంత్రం అత్తాకోడండ్లు పడవల పోయి, నీళ్ళ మీద పూలు చల్లి వస్తరు. నేను కూడ ఒకసారి పోయిన. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ పడవల చెరో దిక్కు మొఖం పెట్టి కూర్చున్నరు.

అంత కష్టంల కూడ బతుకు నడుస్తున్నది. మొగోళ్ళు వేటకు పోతరు, ఆడోళ్ళు ఆల్చిప్పలు ఏరి ఉడకబెట్టి అమ్ముతరు. పిల్లలు బూట్లు చేతుల పట్టుకొని పడవల బడికి పోతరు. బడిల పిల్లలు తగ్గిపోయిన్రు. వయసొచ్చినోళ్ళు సెమరాంగ్ పట్నంల ఫ్యాక్టరీలకో, నూరుల్ లెక్క దేశం దాటో పోతున్నరు. అట్లని ఊరు చచ్చిపోయిందనుకోకు. మల్ల మడ మొక్కలు నాటుతున్నరు. వేర్లు పట్టిన కాడ బురద పేరుకొని పీతలు వస్తున్నయి. వార్సినీ నన్ను తీసుకపోయి చూపించింది. నడుం లోతు నీళ్ళల్ల నిలబడి, ఇది నా చెట్టు, అది లస్త్రీ చెట్టు అని చెప్పింది. వంగి వంగి ఉండే ఇంట్ల ఆమె ముసలిదాని లెక్క కనపడ్డది, ఆ నీళ్ళల్ల మాత్రం పడుచుపిల్ల లెక్క నిలబడ్డది.

నూరుల్ తనింటికి పోయిన అసలు పని నేల ఎత్తు పెంచుడే. అమ్మా వదినా ఊరు విడిచి రారు, ఇంకోసారి మట్టి పోస్తే కొన్నేండ్లు ఆగుతది అన్నది. ఒక పొద్దున మట్టి బస్తాలతోని పడవలు వచ్చినయి. వార్సినీ గుమ్మంల నిలబడి, వెనక్కి తీసుకపోన్రి, మసీదుకు పోయే దారి తెగిపోయింది, అక్కడ పొయ్యున్రి అన్నది. పడవోళ్ళు నూరుల్ దిక్కు చూసిన్రు. నూరుల్‌కు కోపమొచ్చింది. నేను అంత దూరంల ముసలోళ్ళకు స్నానాలు చేపిచ్చి సంపాదించేది దేనికనుకున్నవ్ అని అరిచింది. అప్పుడు వాళ్ళమ్మ, ఇంకోసారి పోస్తే పాకుకుంట లోపలికి రావాలె, నాకు ఈ ఇల్లంటే విసుగొచ్చి శానా ఏండ్లయింది అన్నది.

మరి ఎందుకున్నవని నూరుల్ అడిగింది. వార్సినీ చెయ్యి చాపి లస్త్రీని చూపించింది. ఆ పిల్ల రోజూ నా కొడుకు చొక్కాలు దులిపి పెడుతది, వాడు పడుకునే మూలలనే పడుకుంటది, ఇక్కడికెళ్లి కదిలిస్తే ఏమైపోతదో అని ఉన్న అన్నది.

లస్త్రీ వాకిట్ల కూర్చొని ఆల్చిప్పలు వొలుస్తున్నది. కత్తి కింద పెట్టింది. నాకోసమా అన్నది. నీళ్ళ చప్పుడు వింటే నాకు భయం, ఆయన పోయిన రోజు నుంచీ భయమే, నువ్వు తలుపేసేటప్పుడల్లా ఆయన పేరు పిలుస్తవు, చొక్కాలు బూజు పడితే నువ్వు ఏడుస్తవని దులుపుతున్న, నిన్ను ఈ ఇంట్లకెళ్లి తీసుకపోతే బతకవనుకున్న అన్నది.

నూరుల్ ఇదంతా నాకు జర్మన్ల చెప్పుకుంట చెప్పుకుంట మధ్యల వాళ్ళ దగ్గరికి పోయింది, మిగిలిన మాటలు రాత్రి చెప్పింది. చెప్పకున్నా నాకు అర్థమైతనే ఉన్నది. వార్సినీ ముందు కోపం చేసింది. ఇన్నేండ్లు నోరు తెరిచి ఒక్క మాట చెప్పొద్దా పిచ్చిదానా అని చేతికందిన చిప్ప లస్త్రీ మీదికి విసిరింది. నువ్వు చెప్పినవా అని లస్త్రీ దాన్నే తిరిగి విసిరింది. తరువాత ఒకరినొకరు పట్టుకొని ఏడ్చిన్రు. పడవోళ్ళు మాత్రం, మట్టి ఎక్కడ దింపాలో ఎవరన్న చెప్పున్రి అని మొత్తుకుంటున్నరు.

అదే రోజు పొయ్యి కాడ ఇంకో ముచ్చట బయటపడ్డది. పడవ ఇంజన్లు బాగుచేసే జాయిదీ అనే ఆయన లస్త్రీని పెండ్లి చేసుకుంటనని అడిగితే, అత్తను విడిచి రానని తిప్పి పంపిందట. వార్సినీ పెద్దగ నవ్వి, బాగున్న ఇంజన్‌ను పదిసార్లు విప్పి బిగిస్తుంటే నేను గుడ్డిదాన్ననుకున్నవా అన్నది. లస్త్రీ మొఖం తలగుడ్డ అంచుల దాచుకున్నది.

మేము అక్కడ ఉన్నప్పుడే వాళ్ళు ఒడ్డు మీది ఊర్ల చిన్న ఇంటికి మారిన్రు. కొత్తింట్ల వార్సినీ చేతులు పైకి చాపి, కప్పు అందుతలేదని రెండుసార్లు చూసుకున్నది. ఇప్పుడు కూడ పొద్దున పడవెక్కి ఆల్చిప్పలకు పోతది, మొక్కలు చూసుకుంటది, సాయంత్రం తిరిగొస్తది. గురువారాలు మానలేదు. పోయిన నెల లస్త్రీ పెండ్లయింది. డ్యూటీకి పోయే ముందు వంటింట్ల ఫోన్ నిలబెట్టి నూరుల్, నేను చూసినం. పెండ్లికూతురు పక్కన తల్లి కూర్చునే జాగల వార్సినీ కూర్చున్నది. ఎవరో ఏదో అడిగితే గట్టిగ జవాబు చెప్పింది. ఏమన్నదని అడిగితే, కొడుకు పోయిన ఇంట్ల పెండ్లేందని ఎవరో గొణిగిన్రట, నా ఇంట్ల ఏం జరగాల్నో నేను చూసుకుంట, నువ్వు తినిపో అన్నదట.

ఆ రోజు ట్రామ్‌ల నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయి ఇంకెక్కడో దిగిన.

ఇవీ ముచ్చట్లు. మోకాలికి ఆ నూనె రోజూ రాసుకో. డాక్టర్ దగ్గరికి పోతవా అంటే పోత అంటవ్ గాని పోవు, నాకు తెలుసు. ఉదయశ్రీ అక్కను అడిగినట్టు చెప్పు.

నీ కోడలు,
చంద్రిక

తా.క.: కవరు అంటించి మల్ల చింపిన. అసలు సంగతి రాయకుండ పంపితే ఈ ఉత్తరం అబద్ధమైతది. మా హాస్పిటల్ల సుమంత్ అని ఫిజియోథెరపిస్టు ఉన్నడు, ఖమ్మం అతను. నన్ను పెండ్లి చేసుకుంటనని ఎండాకాలంల అడిగిండు. మన ధీరజ్ పోయిన సంగతంతా అతనికి తెలుసు. మా అత్తమ్మ తట్టుకోలేదని చెప్పి వద్దన్న. ఆమెను అడిగినవా అన్నడు. అత్తమ్మా, ధీరజ్ యాదికి రాని రోజు లేదు. అయినా నాకు ఇష్టమే. నీకు కష్టమనిపిస్తే కష్టమనే రాయి, కోపమొస్తే తిట్టు, పడుత. నాకోసమని మాత్రం ఏదీ రాయకు.