మూలిగిన గేర్‌బాక్స్

ఏమండీ, వ్యాన్‌ను ముట్టుకోకండి. గేర్‌బాక్స్ పోయింది. కొని మూడేళ్ళయినా నిండలేదు, పొద్దున మన వీధి మలుపులో ముందుకూ కదల్లేదు, వెనక్కీ రాలేదు. నలుగురు పట్టి ఇంటిదాకా నెట్టారు.

నాలుగింటికి మెకానిక్ వస్తాడు. ఎన్నాళ్ళుగా మూలుగుతోందని అడిగితే "ఇవాళే" అని బొంకకండి, రెండు నెలలని చెప్పండి. నేను నెత్తీనోరూ బాదుకుంటే మీరు రేడియో సౌండు పెంచారు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? రివర్స్ పడక, వారం నుంచి వెనక్కి తీయక్కర్లేని చోటే వెతికి ఆపుతున్నాను.

అత్తయ్యను కంటి డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్తున్నా. ఆవిడ గుమ్మంలో నిలబడి, "మావాడు ఒక్కసారి కూర్చుంటే అదే కదులుతుందిలే" అంటున్నారు. కూర్చోకండి.

అన్నట్టు, రేడియో నిక్షేపంగా ఉంది. మెకానిక్ వచ్చేదాకా వినండి.