నడిచే నేల

అక్కకు తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. నాన్నా నేనూ ఇక్కడ కులాసాగానే ఉన్నాం. నీ ఒంట్లో ఎలా ఉందో ఈసారైనా రాయడం మరచిపోకు.

తోట ఎలా ఉందని అడిగావు. చెట్ల వరసల మధ్య మొక్కజొన్న బాగానే వచ్చింది. చెట్లదే వింత. అన్నీ ఒకే రోజు నాటినవే. వాలు దిగువన ఉన్నవి ఇంటి కప్పును దాటాయి, ఎగువన ఉన్నవి నా భుజం కూడా దాటలేదు. నేల పరీక్షించే ఆయన వచ్చి గుంటలు తవ్వించాడు. పైన జానెడు లోతుకే బండ తగిలింది. కింద నిలువెత్తు మట్టి.

"పై మన్ను కిందికి నడుస్తోందండీ. కంటికి కనపడదంతే" అని మొదళ్ళు చూపించాడు. అన్నీ కొడవళ్ళలా వంగి, ఆపైన నిటారుగా లేచాయి. కాళ్ళ కింద నేల జారుతుంటే నిలదొక్కుకోవాలని చూసే మనుషుల్లా ఉన్నాయి. అప్పటి నుంచి ఆ వరసల్లో ఒంటరిగా తిరగాలంటే భయంగా ఉంటోంది.

పాప రాయి భద్రంగా ఉందా అని కూడా అడిగావు. పురిట్లోనే పోయిన నీ పాపను వాలు మధ్యలో పూడ్చి, పక్కనే నాటిన చెట్టు బండ పగుళ్ళలోకి వేళ్ళు దించుకుని కదలకుండా ఉంది. పాప మీద గుర్తుగా పెట్టిన రాయి సంగతే నీ దగ్గర దాచాను. అది ఏటా మూరెడు కిందికి దిగుతోంది. వానలు వెలిశాక నేనే మోసుకెళ్ళి మళ్ళీ చెట్టు పక్కన పెడుతున్నాను. తొమ్మిదేళ్ళుగా ఇదే పని.

ఈ ఏడు పొగమంచులో వెళ్ళేసరికి రాయి అప్పటికే చెట్టు పక్కన ఉంది. రెండు మూరల దిగువన, తడి మట్టిలో దాని అచ్చు ఖాళీగా ఉంది. జారే నేల మీద రాయి ఎగువకు ఎలా వెళ్ళిందో తెలియక పరుగున ఇంటికొచ్చాను.

నాన్న వాకిట్లో పార కడుగుతున్నాడు. నా మొహం చూసి అడక్కుండానే చెప్పాడు.

"నేనే పెట్టానురా. ఏటా వానల మధ్యలో మూరెడు పైకి తెచ్చి పెడతాను. ఈసారి జ్వరం వచ్చి ఆలస్యమైంది. అక్కకి తెలిస్తే తట్టుకోలేదని..."

"వానలయ్యాక నేనూ పెడుతున్నాను నాన్నా."

పార పక్కన పెట్టి కూర్చుండిపోయాడు. "అయితే ఏటా రెండు మూరలు. తొమ్మిదేళ్ళు. మరి పాప ఎక్కడుందిరా?"

లోపలి మట్టి పై మట్టికన్నా నిదానంగా కదులుతుందట, ఎంత నిదానమో పరీక్ష చేసినాయనకీ తెలియదు. తవ్వి చూడడానికి మాకు చేతులు రాలేదు. చెట్టు నుంచి పద్దెనిమిది మూరలు కొలిచి, అక్కడ వాలుకి అడ్డంగా రాళ్ళ కట్ట కట్టాం. పాప ఆ మధ్యలోనే ఎక్కడో ఉంది. రాయి ఇంట్లో ఉంది. ఎక్కడ పెట్టాలో నువ్వొచ్చి చెప్పాలి.

ఆ మేరలో ఇక దున్నడం మానేశాం. అటు వెళితే ఇద్దరం చెప్పులు విడిచే నడుస్తున్నాం.

ఇట్లు,
ఇన్నేళ్ళూ నీకు చెప్పలేకపోయిన
నీ తమ్ముడు