బయట గడియ ఉన్న గది

బతుకంతా లాంచీ సరంగుగా నీళ్ళ మీద తిరిగి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసపడే నేను, తెలివి చెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేనే వ్రాసుకుంటున్న ఆఖరి మాట ఇది. గుండె గురించి డాక్టరు చెప్పింది నేను నమ్మాను; బుద్ధి గురించి నేను చెప్పేది మీరు నమ్మండి. ఇంతకు ముందు నేను వ్రాసిన వీలునామా ఏదీ లేదు. దీన్ని అమలు జరపవలసిన భారం మా వీధిలోని ప్లీడరు గుమాస్తాది. ఆయన మొహమాటస్తుడు, కాదనలేకపోయాడు.

1. నేనుంటున్న ఇల్లు సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. వెనక గది మాత్రం నా తమ్ముడు బతికున్నంతకాలం వాడిది, వాడు అందులో ఉన్నా లేకపోయినా. ఎందుకంటారా? అక్కడికే వస్తున్నాను.

2. ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. పోయేవాడి మాటకు అడ్డు తగలరు కదా! మా నాన్న జైలు వార్డరు. అమ్మ పోయాక, నైటు డ్యూటీకి వెళ్తూ మా ఇద్దర్నీ క్వార్టరులో పెట్టి బయట గడియ పెట్టేవాడు. ఆ చప్పుడు వినగానే నాకు ఊపిరాడేది కాదు. తమ్ముడికి అది వింటేనే నిద్ర పట్టేది. ఒకే తండ్రి, ఒకే తలుపు. నేను పెద్దయ్యాక తలుపుల్లేని ఉద్యోగం వెతుక్కుని లాంచీ ఎక్కాను. వాడు సినిమా హాల్లో ఆపరేటరై, మనిషి మసలడానికి చోటు లేని క్యాబిన్‌లో హాయిగా రిటైరయ్యాడు.

3. ప్రతి వేసవిలో వాణ్ణి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళాను. లోకం ఊరు చూసుకుని బస వెతుక్కుంటుంది. మేం గడియ చూసుకుని ఊరు ఎంచుకునేవాళ్ళం. సముద్రం పక్క లాడ్జిలో గుమాస్తాను అడిగాను, గదికి బయట గడియ ఉందా అని. "తాళం ఇస్తాం కదండీ." తాళం కాదు బాబూ, గడియ. "లోపల ఎవర్ని పెడతారండీ?" మా తమ్ముణ్ణి. "ఏం చేశాడండీ?" నిద్రపోతాడు. ఆ గుమాస్తా నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. గడియ వేసి నేను వరండాలో పడుకునేవాణ్ణి. అలా సముద్రాన్ని నేను చూశాను, నిద్రను వాడు చూశాడు. లోపలి గడియ ఎందుకు పనికిరాదని మా వాళ్ళు అడుగుతారు. లోపలిది మనం వేసుకునేది. బయటిది, మన కోసం ఒకడు బయట ఉన్నాడని చెప్పేది.

4. వరండాల్లో నన్ను మోసిన మడత మంచం అల్లుడికి. పదకొండుమంది ఒత్తుకుని పడుకునే గదిలో పుట్టినవాడు కాబట్టి, సెలవొస్తే మనిషి అలికిడి లేని గుట్టలెక్కుతాడు. అందులో తప్పేం లేదు. కానీ ఒకనాడు భోజనాల దగ్గర, "మామయ్యగారూ, ప్రయాణం చేస్తే మనసు విశాలం కావాలండీ, ఇదేం ప్రయాణం?" అన్నాడు. ఆ మెతుకు ఇంకా గొంతు దిగలేదు. నాయనా, పుట్టిన గదే మనల్ని ఊళ్ళు తిప్పుతుంది. నువ్వు ఎక్కేది గుట్ట కాదు, ఆ పదిమందికీ దూరం.

5. దోమతెర నా కూతురికి. చిన్నప్పుడు నా పక్కన వరండాల్లో ఇందులోనే పడుకుంది. ఇప్పుడు అద్దాల కిటికీలున్న ఏసీ గది లేనిదే ఊరు కదలదు. న్యాయమే. దోమలు కుట్టిన ఒళ్ళు దానిది. అదిగో, ఆ తల్లినే అడిగాను, నా తరవాత బాబాయికి గడియ నువ్వు పెడతావా అని. "మనిషిని లోపల పెట్టి గడియ వెయ్యడం నా వల్ల కాదు నాన్నా! బాబాయంటే ప్రేమ లేకనా?" ఉంది. ఉండబట్టే, నేను ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ వెయ్యలేదు. నేను తిరిగొచ్చేసరికి వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కళ్ళు చింతనిప్పుల్లా, ఒళ్ళు సగమై. అన్నాళ్ళూ రెప్ప వెయ్యలేదట. ఇంకోసారి అలా అయితే వాడు దక్కడు.

6. కాబట్టి నా దహనం కాగానే, ఆలస్యం చెయ్యకుండా, నా తమ్ముణ్ణి ఊరి చివర మతి చెడినవాళ్ళను ఉంచే ఇంట్లో చేర్పించాలి. బ్యాంకులో నాకున్నదంతా అందుకే. వాడికి మతి చెడలేదు. ఆ సంగతి ప్లీడరు గుమాస్తా అక్కడ స్పష్టంగా చెప్పాలి. వాళ్ళు నమ్మరని నాకు తెలుసు. వేరే దారి కోసం వెతికీ వెతికీ అలిసిపోయాను. మొన్న ఇద్దరం రిక్షాలో వెళ్ళి చూసొచ్చాం. మేనేజరు తల దించుకుని, "రాత్రిళ్ళు బయటనుంచి గడియ పెట్టక తప్పదండీ, ఏమనుకోకండి" అన్నాడు. మా వాడు ఆ గడియను రెండుసార్లు జరిపి చూశాడు. వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. "ఇంత మంచి చోటు పెట్టుకుని, ఇన్నేళ్ళూ ఆ కొండలకూ సముద్రాలకూ ఎందుకు తిప్పావన్నయ్యా?" అన్నాడు. ఆ తరవాత ఏటా అడిగే మాటే అడిగాడు: "మరి తిరుగు ప్రయాణం ఎప్పుడు?"

ఈసారి అది లేదని నేను చెప్పలేదు. నా వారసులు కూడా చెప్పకూడదని ఇందుమూలంగా కోరుతున్నాను.

2015 ఆగస్టు 11, మంగళవారం.

(సంతకం) సరంగు

సాక్షులు:
1. ఎదురింటి టైలరు
2. రేవులో టికెట్లు కోసే ఆయన

(తానూ సాక్షి సంతకం పెడతానని నా తమ్ముడు పెన్ను పట్టుకొచ్చాడు. లబ్ధి పొందేవాడు సాక్షిగా చెల్లడని గుమాస్తా వారించాడు.)